1828లోనే పనిచేసిన కోత యంత్రం పొలాలకు చేరడానికి అంతకాలం ఎందుకు పట్టింది?

ప్రశ్న: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, రామచంద్రపురం

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. పారిశ్రామిక విప్లవం పాఠం చెప్పేటప్పుడు నూలు మిల్లులు, ఆవిరి యంత్రాలు, రైళ్ళ దగ్గరే ఆగిపోకుండా అదే కాలంలో వ్యవసాయంలో వచ్చిన మార్పును కూడా వివరంగా చెప్పాలని కొంత సమాచారం సమకూర్చుకుంటున్నాను. మా పిల్లల్లో ఎక్కువమంది వరి పండించే ఇళ్ళ నుంచి వచ్చేవారే కాబట్టి, కోత యంత్రం చరిత్ర వారికి మిల్లుల చరిత్ర కంటే త్వరగా మనసుకు ఎక్కుతుందని నా నమ్మకం.

జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఎక్కడ చూసినా కోత యంత్రాన్ని 1831లో అమెరికాలో సైరస్ మెకార్మిక్ కనిపెట్టాడని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. అయితే స్కాట్లండ్‌లో పాట్రిక్ బెల్ 1828లోనే గుర్రాలతో నడిచే యంత్రంతో పంట కోసి చూపించాడనీ, అమెరికాలోనే ఓబెడ్ హస్సీ మెకార్మిక్ కంటే ముందు పేటెంటు పొందాడనీ చదివాను. నా సందేహం ఎవరు ముందు అన్నది మాత్రమే కాదు. బెల్ యంత్రం నిజంగా పంట కోసి ఉంటే, బ్రిటన్‌లో అటువంటి యంత్రాలు రైతులు కొనుక్కునే వస్తువులు కావడానికి 1850లు దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది? మరొకటి, ఆండ్రూ మీకిల్ అనే స్కాట్లండ్ మిల్లు నిపుణుడు 1786లోనే నూర్పిడి యంత్రం తయారుచేశాడు. నూర్చడం, గింజ రాల్చడం కంటే నిలబడి ఉన్న పంటను కోయడం తేలికైన పనిగా కనిపిస్తుంది. అయినా కోతకు యంత్రం రావడం అంత ఆలస్యం కావడానికి కారణమేమిటో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: మెకానికల్ అధ్యాపకుడు, వరంగల్

మీ రెండో సందేహంతో మొదలుపెడతానండీ, ఎందుకంటే మొదటి దానికి సగం జవాబు అందులోనే ఉంది.

కొడవలితో కోసేవారిని దగ్గరగా గమనించండి. మనం కుడిచేతిలోని కొడవలినే చూస్తాం గానీ, కాడలను గుప్పిట పట్టి బిగించి ఉంచేది ఎడమచెయ్యి. ఆ పట్టు లేకపోతే కొడవలి తగలగానే కాడ అవతలికి వంగిపోతుంది, తెగదు. తెగిన తర్వాత కాడలను చిందరవందర కాకుండా వెన్నులన్నీ ఒకే వైపు ఉండేలా పక్కన పరిచేది కూడా ఆ చెయ్యే. కాబట్టి కోత యంత్రం చేయాలంటే కత్తి ఒక్కటే సరిపోదు, ఎడమచేతి పనిని కూడా ఇనుముతో, కర్రతో చేయించాలి. నూర్పిడి యంత్రంలో ఈ చిక్కు లేదు. అక్కడ యంత్రం కదలదు, పంటే దాని దగ్గరకు వస్తుంది. కట్ట విప్పి నోట్లో అందిస్తే చాలు, లోపల తిరిగే డ్రమ్ము గింజను కొట్టి రాలుస్తుంది. శక్తి కూడా నీటిచక్రం నుంచో, గానుగ పద్ధతిలో గుండ్రంగా తిరిగే గుర్రాల నుంచో నిలకడగా అందుతుంది. కోత యంత్రమైతే గతుకుల చేలో తానే నడుస్తూ, నేల మీద దొర్లే తన చక్రం నుంచే కత్తికి కావలసిన శక్తిని తీసుకోవాలి.

బెల్‌కు ముందు ప్రయత్నించిన కొందరు పెద్ద కొడవలిని వేగంగా విసిరి కోసే పద్ధతిని అనుకరించబోయారు. స్కాట్లండ్‌లోనే డీన్‌స్టన్‌కు చెందిన జేమ్స్ స్మిత్ గుండ్రంగా తిరిగే కత్తితో ఒక యంత్రం చేశాడు. అటువంటివి ప్రదర్శనల్లో కొంత కోసి చూపించినా వాడుకలో నిలవలేదు. బెల్ ఆలోచన వేరు. ఆయన రైతు కొడుకు, అప్పటికి మతబోధకుడు కావడానికి చదువుకుంటున్న విద్యార్థి. తోటలో కంచె కత్తిరించే కత్తెర చూసి, రెండు అంచుల మధ్య చిక్కిన కాడ ఎటూ తప్పించుకోలేదని గ్రహించాడు. యంత్రం ముందు భాగంలో కత్తెరలను వరుసగా అమర్చాడు. వాటిపైన తిరిగే ఒక రీలు కాడలను కత్తుల మీదికి వంచుతుంది. తెగిన పంట వెనక ఉన్న కాన్వాసు పట్టీ మీద పడుతుంది, ఆ పట్టీ దాన్ని పక్కకు తీసుకుపోయి వరుసగా నేల మీద వదులుతుంది. ఎడమచేతి పని మొత్తం రీలుకూ పట్టీకీ పంచిపెట్టాడన్నమాట.

దాన్ని పరీక్షించిన తీరు మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. పొలంలో పంట పండేదాకా ఆగలేక, ఎవరైనా చూసి నవ్వుతారేమోనన్న బిడియంతో, కొట్టంలో మట్టి పరిచి గట్టిచేశాడు. ఓట్స్ అనే ధాన్యపు పంట పాత కట్ట ఒకటి తెచ్చి, చేలో ఎంత దట్టంగా ఉంటాయో అంత దట్టంగా ఒక్కొక్క కాడనూ ఆ మట్టిలో గుచ్చాడు. తర్వాత తలుపు మూసి, కోటు విప్పి, యంత్రాన్ని తన చేతులతోనే ఆ కృత్రిమ పొలం గుండా నెట్టి చూశాడు. కాడలు తెగాయి. ఆ తర్వాత నిజమైన చేలో చేసిన మొదటి పరీక్ష కూడా తమ్ముడితో కలిసి రాత్రిపూట, ఊరు నిద్రపోయాక చేసిందే.

బెల్ యంత్రంలో ఒక ఇబ్బంది ఉండేది. కోయని పంటను తొక్కకుండా ఉండడానికి గుర్రాలను వెనక కట్టి, యంత్రాన్ని ముందుకు నెట్టించాడు. యంత్రం బరువుగా ఉండేది, మలుపుల దగ్గర తిప్పడం కష్టమయ్యేది. మెకార్మిక్, హస్సీల యంత్రాల్లో గుర్రాలు ముందుండి, అప్పటికే కోసిన భాగంలో నడుస్తూ లాగుతాయి. కత్తి ఉన్న భాగం పక్కకు చాచి ఉంటుంది. చూడడానికి చిన్న తేడాలా ఉన్నా, బండి లాగడం అలవాటైన గుర్రాలకు, తోలేవాడికి అది పెద్ద సౌలభ్యం.

కత్తి విషయంలో మాత్రం ఎక్కువ ఘనత హస్సీకి ఇవ్వాలని నా అభిప్రాయం. మెకార్మిక్ మొదటి కత్తి రంపపు పళ్ళున్న తిన్నని బద్ద. హస్సీ త్రికోణాకారపు చిన్న బ్లేడ్లను ఒక బద్దకు వరుసగా బిగించి, ఇనుప వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడించాడు. ఇప్పుడు మీ ఊరి చేలల్లో తిరిగే కంబైన్ హార్వెస్టర్ ముందు భాగం వంగి చూస్తే అదే త్రికోణాల వరుస, అవే వేళ్ళు, పైన అదే రీలు కనిపిస్తాయి.

సమాధానం: ఆర్థిక చరిత్ర పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

యంత్ర నిర్మాణం గురించి పై సమాధానం చాలా చక్కగా ఉంది. మీ మొదటి సందేహానికి సంబంధించి నేను మరికొంత చేరుస్తాను.

బెల్ పేటెంటు తీసుకోలేదు. తన యంత్రం అందరికీ అందుబాటులో ఉండాలన్నదే ఆయన కోరిక. స్కాట్లండ్‌లోని హైలాండ్ సొసైటీ అనే వ్యవసాయ సంఘం ఆయనకు 50 పౌండ్ల బహుమతి ఇచ్చింది. తర్వాత ఆయన చదువు పూర్తిచేసి కార్మైలీ అనే పల్లెలో చర్చి బాధ్యతలు చేపట్టాడు. ఆయన తమ్ముడు మాత్రం ఆ యంత్రంతో తన పొలంలో ఏళ్ళ తరబడి పంట కోసుకున్నాడు. అంటే యంత్రం పనిచేయకపోవడం సమస్య కాదు. దాన్ని తన సొంత వ్యాపారంగా భావించి, లోపాలు సవరించి, విడిభాగాలు అందించి, అమ్మిన చోటికి మనిషిని పంపి నడిపించి చూపే కర్మాగారం లేకపోవడమే సమస్య. ఎవరి ఊళ్ళో వారు కమ్మరివారితో చేయించుకున్న నకళ్ళు తరచు సరిగా పనిచేయలేదు, ఆ చెడ్డపేరు అసలు యంత్రానికే వచ్చింది.

అప్పటి బ్రిటన్‌లో కోతలకు ఐర్లండ్ నుంచి, స్కాట్లండ్ ఎగువ ప్రాంతాల నుంచి కూలీలు గుంపులుగా వలస వచ్చేవారు. మనుషులు దొరుకుతున్నప్పుడు ఖరీదైన యంత్రం కొనవలసిన అవసరం రైతుకు తోచదు. పొలాలు కూడా నీరు పారడానికి వీలుగా ఎత్తుపల్లాల చాళ్ళుగా ఉండేవి. అటువంటి నేల మీద కత్తిని ఒకే ఎత్తులో నడపడం కష్టం.

అమెరికాలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. మెకార్మిక్ 1831లో వర్జీనియాలో తన ఇంటి దగ్గరి స్టీల్స్ టావెర్న్ అనే చోట ఓట్స్ చేలో యంత్రం నడిపించాడు. అంతకుముందు ఆయన తండ్రి రాబర్ట్ ఏళ్ళ తరబడి అదే ప్రయత్నం చేశాడు. హస్సీ 1833 డిసెంబరులో పేటెంటు పొందాడు, మెకార్మిక్ 1834 జూన్‌లో పొందాడు. అయినా అమ్మకాలు వెంటనే మొదలుకాలేదు. 1842లో 7, 1843లో 29, 1844లో 50 యంత్రాలు మాత్రమే అమ్ముడయ్యాయి. వర్జీనియా కొండ నేలల కంటే పడమటి మైదానాల నుంచే ఎక్కువ గిరాకీ వస్తున్నదని గ్రహించి 1847లో షికాగోకు తరలివెళ్ళడం ఆయన తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం. అక్కడ భూమి విస్తారం, మనుషులు తక్కువ. పండిన గోధుమ కొద్ది రోజుల్లో కోయకపోతే నేలరాలుతుంది. రైతు ఎంత విత్తగలడన్నది అతని దగ్గరున్న భూమిని బట్టి కాక, ఆ కొద్ది రోజుల్లో ఎంత కోయగలడన్నదాన్ని బట్టే తేలేది. ఆ హద్దును యంత్రం జరిపింది.

యంత్రం ధర సుమారు 120 డాలర్లు ఉండేది. కొంత సొమ్ము ముందు తీసుకుని, మిగతాది పంట అమ్ముకున్నాక చెల్లించే ఏర్పాటు చేశారు. గంటకు ఒకటిన్నర ఎకరం కోస్తుందని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. ఊరూరా ఏజెంట్లను పెట్టారు. పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1966లో లెక్కలు వేసి, 1850 ప్రాంతంలో సుమారు 46 ఎకరాల ధాన్యపు పంట ఉన్న రైతుకే యంత్రం కొనడం గిట్టుబాటయ్యేదనీ, కూలి పెరిగిన కొద్దీ ఆ హద్దు తగ్గుతూ వచ్చిందనీ వాదించాడు. తర్వాత అలన్ ఓల్మ్‌స్టెడ్ దానికి అభ్యంతరం చెప్పాడు. ఇరుగుపొరుగు రైతులు కలిసి కొనడం, ఒకరు కొని ఇతరులకు అద్దెకు కోసిపెట్టడం అప్పట్లో బాగా ఉండేదని ఆధారాలు చూపాడు. మన ఊళ్ళల్లో యంత్రం వాడకం చూసినవారికి ఓల్మ్‌స్టెడ్ మాటే సహజంగా తోస్తుంది.

ఇంకొక విషయాన్ని దయచేసి పాఠంలో వదిలిపెట్టవద్దు. మెకార్మిక్ కుటుంబం పొలంలో జో ఆండర్సన్ అనే నల్లజాతి మనిషి బానిసగా ఉండేవాడు. యంత్రం తయారీలో ఆయన శ్రమ, నేర్పు ఉన్నాయి. పేటెంటు మీద ఆయన పేరు లేదు. బానిస చేసిన ఆవిష్కరణకు బానిసకూ, యజమానికీ కూడా పేటెంటు ఇవ్వడానికి వీల్లేదని 1858లో అమెరికా అటార్నీ జనరల్ అభిప్రాయం చెప్పేంతవరకూ వెళ్ళింది అక్కడి చట్టం. ‘ఒక మేధావి, ఒక యంత్రం’ అని చెప్పే చరిత్రలో ఇటువంటివారు మొత్తానికే మాయమైపోతారు.

పాఠంలో ఏమి రాయాలని అడిగితే, ‘1831లో మెకార్మిక్ కనిపెట్టాడు’ అని కాకుండా, ‘1828లో బెల్, 1831లో మెకార్మిక్, 1833లో హస్సీ పనిచేసే కోత యంత్రాలను వేర్వేరుగా చేసి చూపించారు, వాటిలో మెకార్మిక్ యంత్రం వ్యాపారంగా విస్తరించింది’ అని రాయమంటాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు సూచించిన వాక్యాన్నే తీసుకుంటాను. మీ సమాధానాలు చదివాక మరో సందేహం కలిగింది. యంత్రం గంటకు ఒకటిన్నర ఎకరం కోస్తే, కోత కూలీల ఉపాధి ఒక్కసారిగా పోయి ఉండాలి. మరి ఇంగ్లండ్‌లో పల్లె కూలీలు 1830లో నూర్పిడి యంత్రాలను పగలగొట్టారని చదివాను గానీ, కోత యంత్రాల మీద అంత పెద్ద తిరుగుబాటు ఎక్కడా కనబడలేదు. దీనికి కారణం ఏమై ఉంటుంది?

సమాధానం: విశ్రాంత వ్యవసాయ ఇంజనీరు, బాపట్ల

చాలా మంచి ప్రశ్న వేశారు మాస్టారూ. దీనికి జవాబు చెప్పాలంటే కోత అనే పనిని విడదీసి చూడాలి.

తొలి యంత్రం కోసేది మాత్రమే, కట్టేది కాదు. మెకార్మిక్ యంత్రంలో తెగిన పంట ఒక చెక్క బల్ల మీద పడేది. పక్కనే నడుస్తూ ఒక మనిషి పళ్ళకర్రతో దాన్ని కుప్పలు కుప్పలుగా కిందికి లాగేవాడు. గుర్రాలు తోలడానికి ఒకరు. మళ్ళీ చుట్టు తిరిగి గుర్రాలు వచ్చేలోగా ఆ కుప్పలన్నిటినీ గడ్డితాడుతో కట్టి పక్కకు తీయడానికి వెనక అయిదారుగురు. ఇంతమంది కలిస్తే రోజుకు పది, పన్నెండు ఎకరాలు అయ్యేది. కొడవలితో ఒక మనిషి రోజంతా కోస్తే అర ఎకరం అటూ ఇటుగా అవుతుంది. పెద్ద కత్తికి కర్ర వేళ్ళు బిగించిన క్రేడిల్ అనే పనిముట్టుతో రెండు ఎకరాల పైన కోసేవారు. క్రేడిల్ పట్టేవారి అవసరం తీరిపోయింది గానీ, కట్టేవారి అవసరం అలాగే మిగిలింది, పైగా వారి మీద తొందర పెరిగింది. యంత్రం ఎంత వేగంగా నడిచినా కట్టే చేతుల వేగాన్ని దాటి పోలేదు.

ఇక ఇంగ్లండ్ సంగతి. నూర్పు అక్కడ చలికాలపు పని. పొలాల్లో మరే పనీ లేని నెలల్లో కూలివాడి ఇంట్లో పొయ్యి వెలిగేది కొట్టంలో కర్రతో గింజ రాల్చే పనివల్లే. నూర్పిడి యంత్రం సరిగ్గా దాన్నే పట్టుకుపోయింది. అందుకే 1830 ఆగస్టులో కెంట్ ప్రాంతంలో మొదలైన అలజడి దక్షిణ జిల్లాలంతటా వ్యాపించింది, ‘కెప్టెన్ స్వింగ్’ పేరుతో రైతులకు బెదిరింపు ఉత్తరాలు వెళ్ళాయి, యంత్రాలు ముక్కలయ్యాయి. ప్రభుత్వం చాలా కఠినంగా అణచివేసింది. 19 మందిని ఉరితీశారు, దాదాపు 500 మందిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. ఆకలితో చేసిన పనికి అటువంటి శిక్షలు వేయడం చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. కోతకాలం అలా కాదు, ఏడాదిలో కూలీకి గిరాకీ, కూలి రేటు అన్నీ ఎక్కువగా ఉండే రోజులు అవే. ఆ రోజుల్లో మనుషులు చాలకపోవడం రైతు బాధ. పైగా కోత యంత్రాలు బ్రిటన్‌లో నిజంగా కొనుగోలుకు వచ్చింది 1851 లండన్ మహా ప్రదర్శన తర్వాతే. ఆ జులైలో ఎసెక్స్‌లోని టిప్‌ట్రీలో తడిసిన, ఇంకా పచ్చిగా ఉన్న గోధుమ చేలో పోటీ పెడితే హస్సీ యంత్రం ఇరుక్కుపోయింది, మెకార్మిక్ యంత్రం కోసింది, ప్రదర్శనలో అత్యున్నత బహుమతి అయిన కౌన్సిల్ మెడల్ దానికి దక్కింది. కొద్ది వారాలకే ఇంగ్లండ్‌లోనే క్లీవ్‌లండ్ ప్రాంతంలో జరిగిన మరో పోటీలో హస్సీ యంత్రం గెలిచింది. ఈ సందడి చూశాకే స్కాట్లండ్ వారికి తమ బెల్ గుర్తుకొచ్చాడు. బెవర్లీలోని క్రాస్‌కిల్ కర్మాగారం బెల్ నమూనాతో యంత్రాలు చేయడం మొదలుపెట్టింది. 1868లో, ఆయన చనిపోవడానికి ఏడాది ముందు, రైతులు చందాలు వేసుకుని 1,000 పౌండ్లు సమర్పించారు.

హైదరాబాద్ మిత్రులు పేటెంటు లేకపోవడాన్ని ముఖ్య కారణాల్లో చేర్చారు. నేను దానికి అంత బరువు ఇవ్వను. పేటెంటు ఉన్న హస్సీ, మెకార్మిక్‌లు కూడా మొదటి పదేళ్ళలో చెప్పుకోదగ్గ అమ్మకాలు చేయలేకపోయారు. మెకార్మిక్ మొదటి పేటెంటు గడువు పెంచడానికి 1848లో అధికారులు నిరాకరించారు, అయినా అసలు వ్యాపారం పుంజుకున్నది ఆ తర్వాతే. నాణ్యంగా, ఒకే కొలతతో విడిభాగాలు చేసే కర్మాగారం, దాని సరుకు చేరవేసే రైలు, కోతకాలపు కూలి భారం, ఈ మూడూ కలిసిన చోట యంత్రం నిలిచింది.

కట్టడం అనే ముడి విప్పడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. 1858లో ఇల్లినాయ్‌కి చెందిన మార్ష్ సోదరులు పంటను కాన్వాసు పట్టీ మీద పైకి తెచ్చి, యంత్రం మీదే నిలబడిన ఇద్దరు మనుషులు కట్టేలా ఏర్పాటు చేశారు. నడక, వంగడం తప్పాయి కాబట్టి అయిదారుగురి పని ఇద్దరు చేయగలిగారు. 1870లలో తీగతో కట్టే యంత్రాలు వచ్చాయి. బాగానే కట్టేవి గానీ తీగ ముక్కలు గడ్డిలో కలిసి పశువుల కడుపులోకి, గింజలో కలిసి పిండిమరల్లోకి పోవడంతో రైతులు, మిల్లరులు ఇద్దరూ మొత్తుకున్నారు. చివరకు విస్కాన్సిన్‌కు చెందిన జాన్ ఆపిల్‌బీ 1878 ప్రాంతంలో దారంతో ముడివేసే పరికరాన్ని ఒక కొలిక్కి తెచ్చాడు.

ఆ ముడి పడే తీరు చూసి తీరాలి. వంకీ తిరిగిన పెద్ద సూది దారాన్ని కట్ట చుట్టూ తిప్పి తెస్తుంది. దారం రెండు కొసలూ పక్కపక్కన ఒక చిన్న ఇనుప ముక్కు మీదికి వస్తాయి. పక్షి ముక్కులా రెండు దవడలున్న ఆ ముక్కు ఒక్క చుట్టు తిరిగేసరికి దారం దాని మీద ఉచ్చులా పడుతుంది. తిరుగుతూనే నోరు తెరిచి కొసలను పట్టుకుంటుంది, వెంటనే చిన్న కత్తి దారాన్ని తెంచుతుంది. కట్టను బయటికి తోసే చేతులు లాగగానే ఉచ్చు ముక్కు మీదనుంచి జారి కొసల మీద బిగుసుకుంటుంది. రెప్పపాటులో అయిపోయే ఈ పని తర్వాతే, గుర్రాలు తోలే ఒక్క మనిషి కోత, కట్టివేత రెండూ చేయగలిగాడు. గడ్డి కట్టలు కట్టే నేటి బేలర్లలో ముడి వేసేది ఈ పద్ధతి సంతానమే.

సమాధానం: అడిలైడ్‌లో స్థిరపడిన తెలుగువాడు

ఇక్కడి వ్యవసాయ చరిత్ర మీద ఆసక్తితో కొంత చదివాను కాబట్టి ఒక విషయం చేరుస్తున్నాను. వరంగల్ మిత్రులు కోతకు ఎడమచేతి పట్టు తప్పనిసరి అన్నారు. కాడను కోయవలసిన పని ఉన్నప్పుడు అది నిజమే. కానీ కాడను కోయకుండానే పంట తీసుకునే మార్గం ఒకటుంది, అదే పాతది కూడా.

సుమారు రెండు వేల ఏళ్ళ క్రితం గాల్ ప్రాంతంలో, అంటే నేటి ఫ్రాన్స్, బెల్జియం వైపు, పెద్ద కమతాల్లో ముందు అంచున పళ్ళున్న రెండు చక్రాల బండి వాడేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పశువును వెనక కట్టి బండిని చేలోకి నెట్టిస్తే, పళ్ళ మధ్య చిక్కిన కంకులు తెగి పెట్టెలో పడతాయి, గడ్డి నిలబడే ఉంటుంది. తర్వాతి కాలపు పల్లాడియస్ ఇంకా వివరంగా రాస్తూ, నేల చదునుగా ఉండి, గడ్డితో అవసరం లేని చోట్ల ఇది ఉపయోగపడుతుందన్నాడు. బెల్జియంలోని బ్యూజెనోల్‌లో 1958లో దొరికిన రాతి శిల్పంలో ఆ బండి బొమ్మ కూడా ఉంది.

దక్షిణ ఆస్ట్రేలియాలో 1843లో జాన్ రిడ్లీ అనే మిల్లు యజమాని చేసిన స్ట్రిప్పర్ యంత్రం ఈ పద్ధతికి దగ్గరిది. దువ్వెన లాంటి పళ్ళు కంకులను పట్టుకుంటే, వాటి వెనక వేగంగా తిరిగే బద్దలు గింజను కొట్టి రాల్చి పెట్టెలోకి విసురుతాయి. ఆ ఆలోచన మొదట తనదేనని జాన్ రాథాల్ బుల్ అనే రైతు జీవితాంతం వాదించాడు, కాబట్టి ఇక్కడా ‘ఎవరు ముందు’ అన్న తగవు తప్పలేదు. ఇక్కడి వేసవిలో గోధుమ కంకి చేలోనే పెళుసుగా ఎండిపోతుంది కాబట్టి తాకితే రాలుతుంది. కొత్త వలస ప్రాంతంలో కూలీలు కరువు, గడ్డికి గిరాకీ లేదు. ఈ మూడూ కుదిరాయి గనుకనే కోత, కట్టివేత, కుప్పవేత అన్నీ దాటేసి నేరుగా గింజ దగ్గరకు వచ్చేశారు. అదే స్ట్రిప్పర్‌ను తడి వాతావరణపు ఇంగ్లండ్‌లో నడిపితే ఏమీ రాలేది కాదు. 1880ల మధ్యలో హ్యూ విక్టర్ మెకే తూర్పారబట్టే పనిని కూడా అందులో కలిపాడు. 1907లో ఆయన కర్మాగారం కార్మికుల వ్యవహారంలోనే న్యాయమూర్తి హిగిన్స్ రోజుకు 7 షిల్లింగుల న్యాయమైన వేతనం అనే ప్రసిద్ధ తీర్పు చెప్పాడు. సాంఘిక శాస్త్రం చెప్పేవారికి అది కూడా పనికొస్తుందని ప్రస్తావించాను.

సమాధానం: డెల్టా వరి రైతు, భీమవరం దగ్గర

పెద్దలందరి సమాధానాలు శ్రద్ధగా చదివాను. మాస్టారు పిల్లలకు చెబుతారు కాబట్టి వరి సంగతి కూడా ఇందులో ఉండాలనిపించింది. ఆ పాత యంత్రాలు గోధుమకు, ఓట్స్‌కు పుట్టినవి. వాటిని మన చేలల్లోకి తెచ్చి ఊహించుకుంటే ఎందుకు పనికిరావో పిల్లలే చెప్పగలరు.

కత్తికి శక్తి నేల మీద దొర్లే చక్రం నుంచి వస్తుందని వరంగల్ వారు రాశారు. సార్వా, అంటే వానాకాలపు పంట, కోతల నాటికి మన చేలో తడి ఉంటుంది. ఆ ఇనుప చక్రం బురదలో దొర్లకుండా జారుతుంది, చక్రం జారితే కత్తి ఆగుతుంది. తుపాను గాలికి పడిపోయిన చేను నేలకు అంటుకుని ఉంటే రీలుకు అందదు. అర ఎకరానికో గట్టు ఉన్న చోట రెండు గుర్రాల బండి తిరిగే చోటే లేదు. కత్తి తనంతట తాను ఆడేలా ఇంజను, బురదలో దిగబడకుండా గొలుసు పట్టాలు వచ్చాకే తడి చేలో యంత్రం సాధ్యమైంది. ఇప్పటికీ నేల ఆరిన దాళ్వాకు, అంటే రెండో పంటకు, టైర్ల యంత్రం సరిపోతుంది గానీ, సార్వాలో తడి ఉంటే గొలుసు యంత్రమే దిగాలి. మాలో యంత్రం కొన్నవారు చాలా తక్కువ, గంటల లెక్కన అద్దెకు తెచ్చుకునేవారే అందరూ.

మిషిగన్‌లో హైరమ్ మూర్ అనే ఆయన 1836లోనే కోత, నూర్పు కలిపి చేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడని నేను చదివాను. అక్కడి తేమకు గింజ సరిగా ఆరక ఇబ్బందయ్యేదట. ఆ యంత్రాన్ని 1854లో కాలిఫోర్నియాకు పంపితే ఆ పొడి నేలలో దాదాపు 600 ఎకరాలు కోసింది. ఇది చదవగానే మా సంగతే అనిపించింది. చేత్తో కోసినప్పుడు పనలు చేలోనే మూడు నాలుగు రోజులు ఆరేవి, తర్వాత కట్టి కుప్ప వేసేవాళ్ళం, నూర్చేనాటికి గింజ గట్టిపడి ఉండేది. ఆరబెట్టడం అని విడిగా ఒక పని ఉందని కూడా మాకు తోచేది కాదు. యంత్రం గంటలో ఎకరం కోసి గింజ చేతికిస్తుంది గానీ, అది పచ్చి గింజ. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. అందుకే కోతల రోజుల్లో రోడ్ల వెంట బరకాల మీద ధాన్యం కనిపిస్తుంది, మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ అక్కడికే పరుగు. కట్టేవాళ్ళు, కుప్ప వేసేవాళ్ళు చేసిన పనిలో సగం ఎండే చేసేదని యంత్రం వచ్చాకే తెలిసింది.

పాలిచ్చే గేదెలున్నవారికి గడ్డి బాధ వేరే ఉంది. గొలుసు యంత్రం గడ్డిని నలిపి, ముక్కలు చేసి చేలో చల్లుతుంది. అది ఏరి వాము వేయడానికి వీలుపడదు. ఇప్పుడు వెనకాలే మరో యంత్రం తెచ్చి గడ్డి చుట్టలు కట్టిస్తున్నారు, దానికి మళ్ళీ వేరే అద్దె. గేదెల కోసం ఒకటి రెండు చేలు ఇప్పటికీ మనుషులతో కోయించేవారు మా ఊళ్ళో ఉన్నారు. మాస్టారికి వీలైతే ఈ సార్వాకు పిల్లలను అటువంటి చేనికీ, పక్కనే యంత్రం తిరుగుతున్న చేనికీ ఒకే రోజున తీసుకెళ్ళి, రెండు చోట్లా గింజను కొరికి చూడమనండి.